పంటి వేరుకు ఒంటి చీడ

రూట్ కెనాల్ విఫలమైతే తప్పంతా దంత వైద్యుడిదే కానక్కర్లేదు. షుగరు, సికిల్ సెల్ వంటి దీర్ఘవ్యాధుల వాటా కూడా తక్కువేం కాదు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలోని సిల్తారాలో స్పాంజ్ ఐరన్ కొలుముల వేడి రాత్రింబవళ్లూ చల్లారదు. షిఫ్టుల లెక్కన బతికే ఇలాంటి చోట పన్ను సలిపితే ముందు గుర్తొచ్చేది నొప్పి మాత్ర. దంత వైద్యుడి వంతు ఆ తర్వాతే. ఆలోగా ఇన్‌ఫెక్షన్ వేరు కొస దాటి దవడ ఎముకలోకి దిగిపోవచ్చు.

నిజానికి రూట్ కెనాల్‌లో వైద్యుడు చేసేది సగం పనే. కుళ్లిన నరాన్ని తీసి, సోడియం హైపోక్లోరైట్‌తో లోపలంతా కడిగి, గట్టాపర్చాతో నింపి మూసేస్తారు. వేరు కొసన కరిగిపోయిన ఎముకను మళ్లీ కట్టుకోవలసింది మాత్రం శరీరమే. మధుమేహం దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే. చక్కెర అదుపు తప్పితే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. వాపు ఓ పట్టాన తగ్గదు. కొత్త ఎముక నిదానంగా పుడుతుంది. చికిత్సకు ముందే వేరు కొసన పుండు పడ్డ మధుమేహ రోగుల్లో విజయాలు తగ్గుతున్నట్లు 2003లో అమెరికాలో వెలువడిన అధ్యయనం గుర్తించింది. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారికి రూట్ కెనాల్ అయ్యాక కూడా పన్ను పీకించుకునే అగత్యం ఎక్కువని 2011లో తైవాన్ పరిశోధకులు ఆరోగ్య బీమా రికార్డులు తిరగేసి తేల్చారు. దేశంలో మధుమేహుల సంఖ్య 10.1 కోట్లని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసిన నేపథ్యంలో ఇది చిన్న విషయం కాదు.

అలాగని పీకించుకోవడమే మేలనుకుంటే పొరపాటు. అదుపులేని షుగరుతో ఆ గాయమూ త్వరగా మానదు. ఎముకల గుల్లతనానికి బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడేవారికైతే పన్ను తీసిన చోట దవడ ఎముక చచ్చుబడే ముప్పుంది. వారికి రూట్ కెనాలే నయం.

ఛత్తీస్‌గఢ్‌లో పట్టించుకోవలసిన జబ్బు మరొకటుంది: సికిల్ సెల్. కొడవలి ఆకారంలోకి వంగిన ఎర్ర కణాలు సన్నటి రక్తనాళాలకు అడ్డుపడతాయి. పంటి గుజ్జుకు రక్తం వెళ్లేదే వేరు కొసనున్న సన్నని రంధ్రం గుండా. అది మూసుకుపోతే పిప్పి లేని పన్ను కూడా లోలోపల చచ్చిపోతుంది. దీనికి విరుద్ధమైన చిక్కూ ఉంది. సికిల్ సెల్ తీవ్రమైనప్పుడు దవడలో పుట్టే నొప్పి అచ్చం పంటి నొప్పిలాగే ఉంటుంది. గుజ్జు బతికే ఉందో లేదో పరీక్షించకుండా డ్రిల్ పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న నరమే పోతుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరిధిలో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. కాబట్టి పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల వైద్యులకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

రోగి చేయగలిగింది పెద్ద కష్టమైనదేమీ కాదు. వాడే మందుల చీటీ, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట తీసుకెళ్లాలి. ఉపవాసంతో వెళ్లకూడదు. నొప్పి తగ్గింది కదా అని మానేయకుండా ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవాలి. అప్పటికీ వేరు కొసన నీడ పూర్తిగా మాయం కాకపోతే నాలుగేళ్ల వరకూ గమనించాలన్నది యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ సూచన.