రాత్రిపూట రోడ్డు పని – కనిపిస్తేనే ప్రాణం

మన హాస్టల్ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులకు తట్టా పారా కొత్త కాదు. రోడ్డు పనికి వెళ్ళినవాళ్ళు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలంటే, ముందు వాళ్ళు డ్రైవరు కంటికి కనిపించాలి. దీని వెనుక మన పుస్తకాల్లోని భౌతికశాస్త్రమే ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 22 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు తొక్కడానికి రెండున్నర సెకన్లు పడితే, అప్పటికే 55 మీటర్లు గడిచిపోతాయి. అందుకే మన దేశంలో రోడ్లు వేసేటప్పుడు ఆ వేగానికి ఆగే దూరాన్ని 120 మీటర్లుగా లెక్కిస్తారు. గుంత పక్కన పెట్టిన రాయి, గుచ్చిన చెట్టుకొమ్మ చీకట్లో అంత దూరం నుంచి కనిపించవు.

పనివాళ్ళు వేసుకునే మెరుపు రంగు జాకెట్లు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, కంటికి కనిపించే కాంతిగా మారుస్తాయి. అందుకే పగలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. హెడ్‌లైట్లలో ఆ కిరణాలు చాలా తక్కువ. కనుక రాత్రిపూట కాపాడేది రంగు కాదు, జాకెట్ మీది వెండి రంగు పట్టీ. అందులో సన్నని గాజు పూసలో, ప్రిజంలో ఉంటాయి. అద్దం మీద ఏటవాలుగా పడిన వెలుగు, క్యారమ్స్ స్ట్రైకర్ లాగా, మరో పక్కకు పోతుంది. ఈ పట్టీ మాత్రం వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. డ్రైవరు కళ్ళు హెడ్‌లైట్లకు దగ్గరగా ఉంటాయి కాబట్టి అది అతనికి మెరుస్తుంది. టార్చిని కంటి పక్కన పట్టుకుని సైకిల్ రిఫ్లెక్టర్‌ను చూడండి. తర్వాత అదే టార్చిని దూరంగా ఉన్న స్నేహితుడి చేతికిచ్చి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

మనిషి ఒక్కడూ మెరిస్తే చాలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014 మార్గదర్శకాల ప్రకారం పని స్థలానికి నాలుగు భాగాలుండాలి: దూరం నుంచే హెచ్చరించే బోర్డులు, బండ్లను మెల్లగా పక్కకు మళ్ళించే కోన్ల వరుస, పని జరిగే చోటు, తిరిగి దారిలోకి కలిపే భాగం. పని అయిపోగానే బోర్డులు తీసేయాలి. పని లేనిచోట బోర్డు ఉంటే, రేపు పని ఉన్నచోట కూడా డ్రైవరు దాన్ని నమ్మడు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీవాళ్ళ జాకెట్ పట్టీ ఒకసారి చూడండి. దుమ్ము, తారు పట్టితే అది మెరవదు, తుడవండి. అరిగిపోతే కొత్తది అడగమని చెప్పండి. కూలి అడిగినట్టే అదీ అడగాలి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్