దారి తప్పిన పిల్లలకు తొలి రక్ష: అమెజాన్ అడవి నుంచి బమ్రోలి వీధుల దాకా

దక్షిణ అమెరికాలోని కొలంబియాలో 2023 మే 1న ఒక చిన్న విమానం అమెజాన్ అడవిలో కూలిపోయింది. ముగ్గురు పెద్దలూ మరణించగా 13, 9, 4 ఏళ్ల పిల్లలు, 11 నెలల పసికందు ప్రాణాలతో మిగిలారు. సైనికులు, ఆదివాసీలు కలసి సాగించిన గాలింపులో జూన్ 9న, అంటే 40వ రోజున, ఆ నలుగురూ సజీవంగా దొరికారు. విమానంలో దొరికిన కర్రపెండలం పిండితోనూ, తమకు తెలిసిన అడవి పండ్లతోనూ వారు ఆకలి తీర్చుకున్నారు. హుయిటోటో తెగకు చెందిన ఆ పిల్లలకు ఏ కాయ తినదగినదో, ఏది విషమో ఇంట్లో పెద్దలు ముందే నేర్పారు.

ఆ గాలింపులో మరో విశేషం ఉంది. ఉన్నచోటే ఉండమని పిల్లల అమ్మమ్మ తమ మాతృభాషలో చెప్పిన మాటలను రికార్డు చేసి, హెలికాప్టర్ల నుంచి లౌడ్‌స్పీకర్ల ద్వారా అడవిలో వినిపించారు. తప్పిపోయిన బిడ్డకు అర్థమయ్యే భాష కూడా ప్రాణరక్షణ సాధనమేనని దీనివల్ల స్పష్టమవుతోంది. సొంత రాష్ట్రానికి దూరంగా బతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఈ విషయం మరింతగా వర్తిస్తుంది.

బమ్రోలిలో ఎందుకు ముఖ్యం?

గుజరాత్‌లోని సూరత్ నగరానికి దక్షిణ భాగంలో, పాండేసర పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న ప్రాంతం బమ్రోలి. ఉధ్నా, లింబాయత్ తదితర పరిసర ప్రాంతాలతో కలిపి ఇది మరమగ్గాలకు, వస్త్ర పరిశ్రమకు నెలవు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది.

సాంచాల మీద 12 గంటల షిఫ్టులు మామూలే కావడంతో, పగటిపూట పిల్లలపై పెద్దల కన్ను ఎల్లవేళలా ఉండటం కష్టం. ఒకే తీరున కనిపించే సందులు, రద్దీ రహదారులు, సమీపంలోని ఉధ్నా రైల్వే స్టేషన్ చిన్నపిల్లలకు అడవి కంటే తక్కువ అయోమయం కలిగించవు. సెలవుల్లో డాంగ్ జిల్లా అడవులకు, సాపుతారా కొండలకు విహారయాత్రలూ సాగుతుంటాయి. సూరత్ జిల్లా గ్రామీణ ప్రాంతాల్లోని చెరకు తోటల్లో చిరుతల సంచారం కూడా ఉంది.

తప్పిపోయిన పిల్లలు ఏం చేస్తారు?

గాలింపు నిపుణులు పిల్లల ప్రవర్తనను వయసును బట్టి విడదీసి చూస్తారు. మూడేళ్లలోపు పిల్లలకు తాము తప్పిపోయామన్న స్పృహే ఉండదు. కుక్కపిల్ల వెనకో, సీతాకోకచిలుక వెనకో పోయి, అలసిన చోట పొదలోనో, బల్ల కిందనో నిద్రపోతారు. నాలుగు నుంచి ఆరేళ్లవారు ఇంటికి తిరిగి వెళ్లే ప్రయత్నంలో మరింత దూరమవుతారు. ఇంకా పెద్ద పిల్లలు అడ్డదారి వెతుకుతూ చిక్కుకుపోతారు.

వెతికేవారు పేరు పెట్టి పిలుస్తున్నా కొందరు పిల్లలు పలకకపోవడం నిపుణులు తరచూ గమనించే సంగతి. తిడతారన్న భయం ఒక కారణమైతే, కొత్తవారితో మాట్లాడవద్దన్న ఇంటి హెచ్చరిక మరో కారణం. అందుకే ‘తప్పిపోతే నిన్ను ఎవరూ కోప్పడరు, నీ పేరు పిలుస్తూ వెతికేవారికి బదులు పలుకు’ అని ముందే చెప్పి ఉంచడం అవసరం.

నడుస్తూ పోతే దారి దొరుకుతుందన్న నమ్మకమూ ప్రమాదకరమే. సూర్యుడు గానీ, స్పష్టమైన గుర్తు గానీ కనిపించనప్పుడు మనుషులు తెలియకుండానే వలయాకారంలో తిరుగుతారని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. అందులో పాల్గొన్నవారు పెద్దలే. పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అడవిలో: నేర్పవలసిన అయిదు సంగతులు

• ఆగడం: తప్పిపోయామని తెలిసిన క్షణమే నిలిచిపోవాలి. ఒక చెట్టును ఎంచుకొని దాని దగ్గరే ఉండాలి. కదలని బిడ్డను వెతకడం సులువు.

• కనిపించడం, వినిపించడం: ప్రకాశవంతమైన రంగు దుస్తులు దూరానికి కనిపిస్తాయి. మెడలో ఒక ఈల ఉంటే మంచిది. అరుపు కంటే ఈల శబ్దం దూరం పోతుంది, గొంతూ అలసిపోదు. వరుసగా మూడుసార్లు ఊదడం ఆపదకు సంకేతంగా అనేక దేశాల్లో చెల్లుబాటవుతోంది.

• ఒంటిని కాచుకోవడం: ఎండలో నీడ, వానలో పొడి చోటు చూసుకోవాలి. తడి నేలపై కూర్చోక ఆకులు పరచుకోవాలి. ఆకలిని కొన్ని రోజులు తట్టుకోవచ్చు గానీ చలి, వడదెబ్బ గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి.

• తెలియనిది తినకపోవడం: అమెజాన్ పిల్లలు తిన్నది తమకు తెలిసిన పండ్లనే. తెలియని కాయలు, పుట్టగొడుగులు ముట్టరాదు. నీటి కోసం ఏటిలోకి దిగరాదు.

• జంతువు ఎదురైతే పరుగెత్తకపోవడం: చిరుత కనిపిస్తే వంగకుండా, వీపు చూపకుండా, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మరణించిన తర్వాత, మధ్యాహ్నం 2 గంటలు దాటాక పిల్లలతో కాలినడకన వెళ్లడాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం నిలిపివేసింది. అటువంటి దారుల్లో పిల్లలు పెద్దల చేయి వదలకుండా నడవాలి.

నగరంలో: భాషే ఆధారం

ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, చుట్టూ గుజరాతీ వినిపించే చోట పెరిగే బిడ్డ భయపడినప్పుడు ముందుగా నోటికొచ్చేది ఇంటి మాటే. ‘నాయిన సాంచాల కాడికి పోయిండు’ అంటే గుజరాతీ పోలీసుకు అర్థం కాదు. ‘బమ్రోలి’ అని మాత్రమే చెబితే ఇల్లు దొరకదు. ‘అమ్మ’, ‘నాయిన’ అన్నవి చిరునామాలు కావు గనుక తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఒక ఫోన్ నంబరు, నివసించే సొసైటీ పేరు, దగ్గరలోని గుడి లేదా బడి గుర్తు కంఠతా రావాలి.

దీనికి తోడు ఒక గుజరాతీ వాక్యం నేర్పితే చాలు. తప్పిపోయానని చెప్పడానికి అబ్బాయి ‘హుం ఖోవాఈ గయో ఛుం’ అనీ, అమ్మాయి ‘హుం ఖోవాఈ గఈ ఛుం’ అనీ అనాలి. ‘మనే మదద్ కరో’ అంటే ‘నాకు సాయం చేయండి’ అని అర్థం. ఎవరిని అడగాలో కూడా నేర్పాలి: యూనిఫాంలో ఉన్న పోలీసు, దుకాణంలో కూర్చున్న వ్యక్తి, పిల్లలతో ఉన్న తల్లి. ఎవరు పిలిచినా బండి ఎక్కరాదు, అక్కడి నుంచి వేరే చోటికి వెళ్లరాదు.

పెద్దల బాధ్యత, చట్టం

బిడ్డ కనిపించకపోతే ఒక రోజు చూసి ఫిర్యాదు చేద్దామనుకోవడం పొరపాటు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదులపై తప్పనిసరిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. అత్యవసర సాయానికి 112, పిల్లల హెల్ప్‌లైన్‌కు 1098 నంబర్లు దేశమంతటా పనిచేస్తాయి. దొరికిన బిడ్డను ఎవరూ తమ వద్దే ఉంచుకోరాదు. బాల న్యాయ చట్టం–2015 ప్రకారం ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. బిడ్డ ఇటీవలి ఫొటో, ఆ రోజు వేసుకున్న దుస్తుల వివరం, మాట్లాడే భాష పోలీసులకు వెంటనే తెలపాలి.

సాధనతోనే ధైర్యం

నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. గురుకుల పాఠశాల విద్యార్థిని అయిన ఆమె భువనగిరి కొండపైన, ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొందింది. పేద ఇంటి పిల్లలకూ ఇటువంటి నైపుణ్యాలు అందుతాయనడానికి ఆమె విజయమే నిదర్శనం.

ప్రతి బిడ్డా శిఖరాలు ఎక్కనక్కరలేదు. నెలకోసారి ఇంట్లో పది నిమిషాలు కేటాయించి ‘ఇప్పుడు నువ్వు తప్పిపోయావు, ఏం చేస్తావు?’ అని ఆటలాగా అడిగి, ఫోన్ నంబరు చెప్పించి, గుజరాతీ వాక్యం పలికించడం ఏ కుటుంబానికైనా సాధ్యమే. నంబరు మారినప్పుడు, అద్దె ఇల్లు మారినప్పుడు ఆ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పించాలి.