కాలి శస్త్రచికిత్సలో నరపుమత్తు: రోగి పరుండవలసిన తీరులు

హోసూరునుండి కృష్ణగిరి మీదుగా చెన్నైకిని, సేలమునకును పోవు రహదారులపై కాళ్లు విరిగి ఆసుపత్రి చేరువారు ఈ ప్రాంతమున అరుదుగారు. మత్తు అనగానే వెన్నులో సూది పొడుచుటయో, పూర్తిగా నిద్రబుచ్చుటయో అని జనులు తలంతురు. ఈ రెంటికిని భిన్నమైన మార్గమొకటి కలదు. శస్త్రము జరుగు భాగమునకు పోవు నరమును వెదకి, దాని చుట్టును మందు వదలి, ఆ కాలిని మాత్రము మొద్దుబార్చుదురు. దీనినే వైద్యులు నెర్వ్ బ్లాక్ అందురు. పూర్వము ఎముకల గుర్తులను వ్రేళ్లతో తడవి, అంచనామీద సూది గ్రుచ్చెడివారు. 1994లో వియన్నా వైద్యుడు కాప్రాల్, ఆయన సహచరులును, అల్ట్రాసౌండ్ తెరపై చూచుచు చేతి నరములకు మత్తునిచ్చు విధమును ప్రకటించిరి. పిమ్మట ఆ పద్ధతి కాలికిని వ్యాపించెను. గర్భిణుల పరీక్షకని అందరెరిగిన స్కానింగు యంత్రమే ఇది; దానిని తొడపై పెట్టగనే ముసలివారు విస్తుపోవుట వింతగాదు.

కాలికి నరములన్నియు ఒక్క దారిని రావు. తొడ ముందుభాగమునకును మోకాటికిని ముఖ్యమైన ఫెమొరల్ నరము గజ్జలో పెద్ద రక్తనాళమునకు వెలుపలి ప్రక్కగా దిగును. పిక్కకు, పాదమునకు పోవు సయాటిక్ నరము పిరుదు క్రిందనుండి తొడ వెనుకగా వచ్చి, సాధారణముగా మోకాటి వెనుక గుంటకు కొంచెము ఎగువన రెండు పాయలగును. ఒకటి ముందు, ఒకటి వెనుక! రోగి ఎట్లు పరుండవలెనను ప్రశ్న ఇచ్చటనే పుట్టుచున్నది.

గజ్జలోని నరమునకు వెల్లకిల పరుండబెట్టి, కాలిని కొంచెము వెలుపలికి త్రిప్పిన చాలును. పొట్ట జారియున్నచో పైకెత్తి పట్టవలెను. వైద్యుడు ఆ కాలివైపున నిలుచును. తెర ఆవలిప్రక్క నుండును. కన్ను, సూది, తెర ఒక్క వరుసలో నుండనిచో చేయి తడబడును. వెనుకనున్న సయాటిక్ నరముతోనే చిక్కు. బోర్ల పరుండి, చీలమండ క్రింద దిండు పెట్టుకొనినచో మోకాటి వెనుక గుంట చక్కగా అందును. కాని ఎముక విరిగినవానిని బోర్లించుట యెట్లు? అట్టివానిని మంచికాలు క్రిందికి, విరిగిన కాలు పైకి వచ్చునట్లు ఒత్తిగిలజేయుదురు. అదియు సాధ్యముకానిచో వెల్లకిలనే యుంచి, పిక్క క్రింద ఎత్తుపెట్టి, మంచమునకును తొడకును నడుమ స్కానింగు కొన పట్టునంత సందు కల్పింతురు. పాదమును పైకి క్రిందికి ఆడించినచో నరపు పాయలు రెండును తెరపై త్రాసుతట్టలవలె ఊగును. గుర్తించుటకు అదియొక మంచి ఉపాయము.

తుంటి విరిగిన వృద్ధురాలి సంగతి వేరు. వెన్నుమత్తుకై కూర్చుండి వంగుమన్నను, ఒత్తిగిలుమన్నను ఆమెకు భరింపరాని బాధ. ముందుగా వెల్లకిలనే గజ్జవద్ద మందు వేసి, నొప్పి తగ్గిన పిమ్మట ఆమెను కదల్చుట నేటి మంచి పద్ధతి.

రోగి మెలకువతో నుండును గనుక మాటయు ఇందొక పనిముట్టే. ఈ జిల్లాలో తమిళము, తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వార్డులో వినవచ్చును. “తిరుగు” అన్నచో బోర్లపడుటయా, ప్రక్కకు ఒరుగుటయా? వెల్లకిల, బోర్ల, ఒత్తిగిలి అని తెలుగున మూడు తీరులకు మూడు స్పష్టమైన పదములు కలవు. 2022 జనవరిలో ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల విద్యార్థులకు ఇట్టి మాటలు అరడజను నేర్పుట తెలుగు సంఘములకు కష్టమైన పనిగాదు. కుడియెడమల విషయము మరియు ముఖ్యము. వెల్లకిలనున్నపుడు పాదములవైపు నిలిచినవారికి ఎడమనున్న కాలు, బోర్లించినంతనే కుడికి వచ్చును. ఈ తారుమారువలన ఒక కాలికి బదులు వేరొక కాలికి మందు వేయుటయు లోకమున జరిగియున్నది. కావుననే ముందే సిరాతో గుర్తుపెట్టి, సూది గ్రుచ్చబోవు క్షణమున మరల రోగినే అడుగుదురు. నాగలిపట్టిన తాత “వలపల” యని బదులిచ్చినచో అది కుడియని తెలిసికొనవలెను. తమిళపు వలదు, కన్నడపు బల దాని చుట్టములే.

మత్తు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు మరునాటివరకు నుండును. ఫెమొరల్ మత్తు తొడకండల బలమునుగూడ తగ్గించును. నొప్పి లేదుగదా యని లేచినచో మోకాలు మడతపడి కూలుదురు. మొద్దుబారిన కాలికి ఒత్తిడి తెలియదు గనుక మడమను, మోకాటికి వెలుపలనున్న ఎముకగుబ్బను మంచపు అంచు తగులకుండ మెత్తనిదానిపై నుంచి, బంధువులు అప్పుడప్పుడు చూచి సర్దుచుండవలెను.