కెమెరా పిల్లల చేతికొస్తే...

సెప్టెంబరు 1967. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెచర్ కౌంటీ. గని కార్మికులు అద్దెకుంటున్న ఇళ్ల దగ్గర షూటింగ్ చేస్తున్నాడు కెనడా దర్శకుడు హ్యూ ఓకానర్. ఇంతలో ఆ ఇళ్ల యజమాని హోబర్ట్ ఐసన్ తుపాకీతో వచ్చి వెళ్లిపొమ్మని గద్దించాడు. కాల్పులు జరిపాడు. ఓకానర్ ప్రాణాలు పోయాయి.

ఘోరమైన నేరమే. అయినా చుట్టుపక్కల చాలామంది ఐసన్‌నే వెనకేసుకొచ్చారు. కారణం... కెమెరా మీద కోపం! అప్పటికే కొన్నేళ్లుగా ఎవరెవరో వచ్చి ఆ కొండప్రాంతపు పేదరికాన్ని ఫొటోలు తీసి లోకానికి చూపిస్తున్నారు. తమ పరువు తీస్తున్నారని స్థానికుల బాధ.

సరిగ్గా ఆ కౌంటీకే 1970ల మధ్యలో మరో ఫొటోగ్రాఫర్ వచ్చారు. పేరు వెండీ ఈవాల్డ్. పాతికేళ్ల వయసు. ఆమె కూడా కెమెరాలు తెచ్చారు. కాకపోతే వాటిని బడిపిల్లల చేతుల్లో పెట్టారు.

ఊరికే ఇవ్వలేదు. చిన్న కెమెరా, పది డాలర్లకు అమ్మారు. డబ్బుల్లేనివాళ్లు చిన్నాచితకా పనులు చేసి కొనుక్కున్నారు. సొంత వస్తువైతేనే శ్రద్ధ కదా! ఫిల్మ్ కడగడం, ప్రింటు వేయడం కూడా పిల్లలే నేర్చుకున్నారు.

ఆమె ఇచ్చే హోంవర్కు కూడా వింతగా ఉండేది. 'మీ ఫొటో మీరే తీసుకోండి', 'మీ ఇంట్లోవాళ్లను తీయండి', 'మీ పెంపుడు జంతువుల్ని తీయండి'. ఆఖరిది మరీ చిత్రం... 'మీకొచ్చిన కలను ఫొటో తీయండి'! ప్రాణస్నేహితుణ్ని తానే చంపినట్టు కలగన్నాడో కుర్రాడు. ఆ స్నేహితుణ్నే చెట్టుకొమ్మల మధ్య పడుకోబెట్టి క్లిక్‌మనిపించాడు. బయటి కెమెరాలకు పేదరికం కనిపించినచోట పిల్లల కెమెరాల్లో తాతయ్యలూ కుక్కపిల్లలూ భయాలూ కలలూ కనిపించాయి. ఆ చిత్రాలూ మాటలే 1985లో 'పోర్ట్రెయిట్స్ అండ్ డ్రీమ్స్' పుస్తకమయ్యాయి.

తర్వాత గుజరాత్‌లోని ఓ పల్లె పిల్లలకూ ఈవాల్డ్ ఫొటోగ్రఫీ నేర్పారు. 1992లో ఆమెకు ప్రతిష్ఠాత్మక మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది. నార్త్ కరోలినాలోని డర్హమ్ బడుల్లో ఫొటోను ఏకంగా చదువులో భాగం చేశారు. ముందు ఫొటో తీయాలి, తర్వాత దాని గురించి రాయాలి. 'వ్యాసం రాయండి' అనగానే పెన్ను కదలని పిల్లలకు తాము తీసిన ఫొటో ఎదురుగా ఉంటే చెప్పడానికి బోలెడు సంగతులు!

కెంటకీ విద్యార్థులను ఏళ్ల తర్వాత ఈవాల్డ్ మళ్లీ కలిశారు. ఆ కలయికే 2020లో డాక్యుమెంటరీగా వచ్చింది.

ఇప్పుడు ఫిల్మ్ ఖర్చు లేదు, డార్క్‌రూమ్ అక్కర్లేదు. చాలా ఇళ్లలో ఫోనుంది, అందులో కెమెరా ఉంది. పిల్లలు సెల్ఫీలు తీస్తూనే ఉన్నారు. లేనిదల్లా ఆ హోంవర్కే. ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలకు ఫోనిచ్చి అడిగి చూడండి... 'నీకొచ్చిన కలను ఫొటో తీస్తావా?' అని. తీశాక, దాని గురించి నాలుగు ముక్కలు రాయమనడం మాత్రం మరిచిపోకండి!