నగరమునకు సంగీతమే ఆహ్వానము

ధనుర్మాసము ప్రవేశించినంతనే తెలుగుదేశమునందలి సంగీతప్రియులు పలువురు చెన్నపట్నమునకు ప్రయాణమగుదురు. అచ్చట త్యాగరాజస్వామివారి తెనుగు కీర్తన వినబడని కచేరీ అరుదు. మన భాషలోని పాటను వినుటకు మనమే పరనగరమునకు టిక్కెట్టు కొనుట విచారింపదగిన సంగతి కాదా?

చెన్నపట్నమునకీ ప్రతిష్ఠ ఊరక లభింపలేదు. 1927లో అచ్చట కాంగ్రెసు మహాసభ జరిగినపుడు దానితోపాటు అఖిలభారత సంగీతసభయు జరిగెను. దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసెను. నాడు నాటిన విత్తు నేడు పూటకూళ్లవారికిని, బాడుగబండ్లవారికిని, పట్టుచీరల వర్తకులకును నీడనిచ్చుచున్నది. 2017లో యునెస్కో ఆ నగరమును సంగీతనగరముగా గుర్తించెను. హైదరాబాదునకు 2019లో అట్టి గౌరవమే పాకకళకు దక్కెను. సంతోషమే, కాని మన నగరమునకు నాలుక మాత్రమే కాదు, చెవియు గలదు.

అందుకు నిదర్శనము కలదు. బాల్యమును హైదరాబాదులో గడపిన పండిత జస్రాజుగారు తమ తండ్రి మోతీరాముగారి స్మృత్యర్థము 1972లో ఇచ్చట సంగీతోత్సవము నారంభించి, దశాబ్దుల తరబడి నడిపిరి. చౌమహల్లా ప్రాసాదమును ఆ గానమునకు వేదికయయ్యెను. పితృభక్తితో పుట్టిన ఉత్సవమది. బాటసారిని ఊరికి రప్పించునది అట్టి కారణమే గాని గోడపత్రికలు కావు. 2020లో జస్రాజుగారు కీర్తిశేషులైరి. అట్టి సంప్రదాయమును ఒక కుటుంబముపై మోపి ఊరకుండుట పౌరులకు తగదు.

అతిథులను పిలుచుటకు ముందు ఇంటివారిని తలపవలెను. 2018లో మెట్రో రైలు ఎల్.బి.నగరు వరకు వచ్చెను. నాదర్‌గుల్ వాసి అటుపైన మరికొన్ని మైళ్లు పోవలెను. ఇల్లు చేర్చు బస్సు లేనిచో తంబుర శ్రుతి ఎంత మధురమైనను ఆ శ్రోత గడియారమునే చూచుచుండును. సగము పాటకే లేచిపోవు జనముగల సభ పరదేశికి మాత్రము ఏమి రుచించును?

కావున మేము కోరునవి మూడు. ఉత్సవపు తేదీలను ఏడాది ముందుగా ప్రకటింపవలెను. దూరదేశీయుడు ప్రయాణమునకు సిద్ధపడగలడు. ఒకనాటి కచేరీనైనను నాదర్‌గుల్ వంటి శివారునందు జరుపవలెను. కడపటి రైలునకు బస్సును జతపరుపవలెను. ఇందు కోట్ల వ్యయము లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను. భూస్వాములును, వర్తకులును, నగరపాలకులును ఈ శ్రద్ధను చూపుదురని ఆశించుచున్నాము.