కోసిన గుడ్డ



ఆఫ్రికా గుడ్డ యనగానే మనకు స్ఫురించునది ముదురు రంగులతో పెద్ద పెద్ద పూవులు, పక్షులు, చక్రములు అద్దిన వస్త్రము. పడమటి ఆఫ్రికా స్త్రీలు దానిని నడుమునకు చుట్టుకొందురు. కుట్టగా మిగిలిన ముక్కలతో ఇంటియొద్దనే సంచులు, బొంతలు, తలపట్టీలు చేసికొందురు. అయినను ఆ అద్దకమునకు పుట్టినిల్లు ఆఫ్రికా కాదు. జావా ద్వీపపు మైనపు అద్దకమును చూచి హాలెండు దేశస్థులు పందొమ్మిదవ శతాబ్దమున యంత్రములతో దాని ననుకరించి, ఆఫ్రికా రేవులలో అమ్మిరి. పరదేశపు గుడ్డకు తమ భాషలో పేర్లు పెట్టి, తమ పనితనము చేర్చి, దానిని తమదిగా చేసికొన్నవారు అచ్చటి స్త్రీలు.

ఈ నేర్పు మరియొక గుడ్డ విషయమున ఇంకను విశేషముగా కానవచ్చును. ఆ గుడ్డ మన తెలుగు మగ్గములపై గూడ నేసినది.

నైజీరియా దేశమున, నైజరు నది సముద్రమున గలియుచోట, దీవులలో కలబారి యను జాతివారు కలరు. చేపలు పట్టుట, వర్తకము వారి ప్రాచీన వృత్తులు. నేత వారి పని కాదు; ఓడలపై వచ్చిన గుడ్డయే వారికి గుడ్డ. అందు వారికి మిక్కిలి ప్రియమైనది ‘ఇంజిరి’ యని వారు పిలుచు గళ్ళ గుడ్డ. వర్తకులు దీనిని మద్రాసు రుమాలనిరి. ఇట్టి రుమాళ్ళను నేసి పంపినవారిలో చీరాల ప్రాంతపు నేతగాండ్రును గలరు.

ఈ వర్తకమున చీకటియు లేకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా వర్తకులు ఆ తీరమున మన దేశపు నూలుగుడ్డల నిచ్చి, మనుష్యులను బానిసలుగా గొనిపోయిరి. 1807లో బ్రిటిషు ప్రభుత్వము తనవారికి ఆ వ్యాపారమును నిషేధించెను. అటుపిమ్మట పామాయిలునకు మారుగా గుడ్డలు దిగుచుండెను.

ఇంజిరి చేతికి వచ్చిన పిదప కలబారి స్త్రీ చేయు పని యేమి? ఆమె దానిపై రంగు వేయదు, దారముతో కుట్టదు, పోగులను తీసివేయును. గుడ్డను ఒడిలో పరచుకొని, సూదిమొనతో ఒక లేతరంగు పోగును పైకెత్తును. చిన్న కత్తితోగాని క్షౌరపు బ్లేడుతోగాని ఆ పోగును రెండు చోట్ల తెంచి, నడిమి ముక్కను లాగివేయును. ఇట్లు వరుసగా కొన్ని పోగులు తీయగా, ఆ చోట గుడ్డ పలుచనై వెలుగు తోచును. నిలిచిన ముదురు పోగులు క్రొత్త రూపు దాల్చును. నేతగాడు వేసిన గడి లోపల ఆమె వేసిన బొమ్మ తేలివచ్చును. దీనికి ‘పెలెతె బితె’ యని పేరు. కోసిన గుడ్డ యని యర్థము.

ఒక పోగు తప్పుగా తెగినచో దానిని మరల అతుకరాదు. పడుగును పేకను ఒక్కచోటనే తెంచినచో గుడ్డకు చిల్లి పడును. కావున ప్రతి పోగును లెక్కించియే తెంపవలెను. ఇది ఒక్కనాటితో ముగియు పని కాదు.

దీనిని మన ఇండ్లలో పరీక్షింపగోరువారు పాత గళ్ళ తువ్వాలును తీసికొనవచ్చును. నేత దట్టముగా నుండవలెను. పలుచనిదైనచో ప్రక్క పోగులు జారి ఖాళీని కప్పివేయును. ముందుగా ఒక గడిలో ఒక్క తెల్ల పోగును మాత్రమే తీసి, ఉతికి, ఆరవేసి, నిలిచినదో లేదో చూచి పిదప సాగవలెను.

కలబారివారు ఈ గుడ్డలను పెట్టెలలో దాచి బిడ్డల కిత్తురు, పండుగలకు గట్టుదురు. ఇంటి పెద్ద గతించినపుడు, దేహము నుంచు గదిని, మంచమును ఆ కుటుంబపు ఇంజిరి గుడ్డలతోను, కోసిన గుడ్డలతోను అలంకరింతురు. ఆ పెద్దకు ఇంటివారు చేయు కడపటి మర్యాద యిది.

రుమాలు నేసిన మన నేతగానికి కూలి ముట్టెను. తన గుడ్డ ఎవరి యింట నేమైనదో అతనికి తెలియు మార్గము లేకపోయెను. మీ గ్రామమున రుమాళ్ళు నేసిన వృద్ధు లెవరైన నున్నచో, ఆ దూరదేశపు తల్లులు వారి గుడ్డ నెట్లు గౌరవించిరో దయచేసి వారికి తెలుపుడు.