కొత్తరెడ్డిపాలెంలో విశ్రాంతి దినం

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొద్దిపాటి మాదిగ కుటుంబాలు తమను ‘బెనె ఎఫ్రాయీము’ అని, అంటే ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొంటాయి. పాత నిబంధన ప్రకారం యోసేపు కుమారుడైన ఎఫ్రాయీము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకదానికి మూలపురుషుడు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అస్సీరియన్లు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూలదోసి ప్రజలను చెరపట్టుకుపోగా, ఆ తరవాత జాడ తెలియకుండా పోయిన పది గోత్రాలలో అదీ ఒకటి. ఈ కుటుంబాల పూర్వీకులు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా క్రైస్తవంలోకి వెళ్లారు. అంతకుముందు క్రైస్తవ బోధకులుగా ఉన్న షమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ సోదరుల నాయకత్వంలో, 1980ల చివరి నుంచి వీరు యూదు మతం వైపు మళ్లి, ఊళ్లో ఒక సమాజ మందిరాన్ని, అంటే యూదుల ప్రార్థనాలయాన్ని, ఏర్పరచుకున్నారు.

ఈ మళ్లడంలో వదులుకోవలసింది చాలానే ఉంది. యూదులు కొత్త నిబంధనను పవిత్ర గ్రంథంగా అంగీకరించరు. యేసును మెస్సీయగా, అంటే రావలసిన అభిషిక్తుడుగా, ఒప్పుకోరు. దేవుడు ఒక్కడేననీ, ఆయనకు రూపం లేదనీ, ఆయన అబ్రాహాముతో ఒక నిబంధన చేసుకుని, సీనాయి కొండ దగ్గర మోషే ద్వారా ఇశ్రాయేలీయులందరికీ ధర్మశాస్త్రం ఇచ్చాడనీ వారి విశ్వాసం. ఆ ధర్మశాస్త్రమే తోరా; ఆదికాండం మొదలు ద్వితీయోపదేశకాండం వరకు గల ఐదు గ్రంథాలకు అది పేరు. అందులో 613 ఆజ్ఞలున్నాయని సంప్రదాయం లెక్కకట్టింది. వాటికి పండితులు తరతరాలుగా నోటిమాటగా చెప్పుకొంటూ వచ్చిన వివరణలు క్రీస్తుశకం 200 ప్రాంతంలో మిష్నాగా కూర్పు చెందగా, దాని మీద సాగిన చర్చలు తరవాతి శతాబ్దాలలో తాల్ముద్ అయ్యాయి. పన్నెండో శతాబ్దపు తత్వవేత్త మైమోనిడీస్ పదమూడు విశ్వాస సూత్రాలను క్రోడీకరించినప్పటికీ, ఏమి నమ్ముతున్నావన్న ప్రశ్న కంటే ఏమి చేస్తున్నావన్న ప్రశ్నకే ఈ మతంలో బరువు ఎక్కువ.

ఆ బరువు అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది విశ్రాంతి దినంలో. శుక్రవారం పొద్దుగూకక ముందే ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగించి, వాటి మీదుగా చేతులను తన వైపు తిప్పుకొని, కళ్లు మూసుకుని దీవెన పలుకుతుంది; అప్పటి నుంచి శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా నిప్పు రాజేయడం, విత్తడం, కోయడం, వండడం వంటి 39 రకాల పనులు నిషిద్ధం. ముగింపులో లవంగాల వంటి సుగంధ ద్రవ్యాల పెట్టెను చేతి నుంచి చేతికి అందిస్తూ, గడిచిపోతున్న పవిత్ర దినపు పరిమళాన్ని వాసన చూసినట్లుగా దానిని సాగనంపుతారు. ఈ ఆజ్ఞకు తోరా రెండు కారణాలు చెప్పింది: దేవుడు సృష్టి ముగించి ఏడో రోజున విశ్రమించడం ఒకటి, ఇశ్రాయేలీయులు ఐగుప్తులో బానిసలుగా ఉండడం మరొకటి. అందుకే యజమానికే కాక దాసుడికీ, దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ, ఇంట ఉన్న పరదేశికీ ఆ రోజు విశ్రాంతి దక్కాలి.

కొత్తరెడ్డిపాలెం కుటుంబాలలో చాలామంది వ్యవసాయ కూలీలు. శనివారం పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది. కోతల కాలంలో అది చిన్న నష్టం కాదు. అందువల్ల ఆజ్ఞను పూర్తిగా పాటించలేనివారు వీరిలో ఉండడాన్ని భక్తి లోపంగా చూడడం అన్యాయం. బానిసత్వం నుంచి పుట్టిన విశ్రాంతి హక్కు, దాని అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న కూలివాడికే అందనంత దూరంలో ఉంది.

ఆహార నియమాలలో కథ వేరు. యూదులకు పంది మాంసం, రక్తం నిషిద్ధం. మాంసాన్నీ పాలనూ కలపరాదు. కానీ ధర్మశాస్త్రం చెప్పిన విధంగా కోసిన గొడ్డు మాంసం తినవచ్చు. ఏ తిండి పేరు చెప్పి ఊరు మాదిగలను వెలిలో ఉంచిందో, ఆ తిండినే తమ ఇశ్రాయేలు మూలానికి గుర్తుగా ఈ సమాజపు నాయకులు చూపిస్తారు.

ఈ మూలాన్ని ధ్రువపరిచే చారిత్రక పత్రాలు లేవు. అయితే వంశకథలు పత్రాల మీదనే బతకవు: 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తర్‌కు వచ్చి రాజ్యం నెలకొల్పాడన్న కథను అక్కడి రాజకుటుంబం తరతరాలుగా తన మూలంగా చెప్పుకొంటూ వచ్చింది. యూదు మతంలో మాత్రం ఈ ప్రశ్న తేలికగా తీరదు, ఎందుకంటే యూదులు ఒక మతస్థులే కాక ఒక జనం కూడా. ఈశాన్య భారతంలోని బ్నేయ్ మెనషే అనే సమూహం వారిని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) ష్లోమో అమార్ తప్పిపోయిన గోత్రం వారసులుగా గుర్తించారు. ఎఫ్రాయీము సంతతివారికి అటువంటి గుర్తింపు దక్కలేదు.

పుట్టుకతో యూదులు కానివారు మతంలో చేరడానికీ ఒక మార్గం ఉంది: అధ్యయనం, ముగ్గురు సభ్యుల న్యాయసభ సమ్మతి, పురుషులకు సున్నతి, పవిత్ర జలంలో మునక. అలా చేరినవారి బిడ్డలకు వారి పూర్వీకులు ఒకప్పుడు ఏమి చేసేవారో ఎత్తి చూపి మనసు నొప్పించకూడదని మిష్నా శాసించింది.